మూసిన గ్రౌండ్‌లో సున్నం గీత

2005 చివర్లో నన్ను సహాయ లేబర్ కమిషనర్‌గా కొత్తగూడెం వేశారు. బొగ్గు గనుల తగాదాలు కేంద్ర శాఖ చూసుకుంటుంది. గనులు కాని ఫ్యాక్టరీలు, మిల్లులు, దుకాణాలు మా రాష్ట్ర శాఖ కిందికి వస్తాయి. చట్టం ఆ కుర్చీకి ఇంకో హోదా కూడా ఇచ్చింది, రాజీ అధికారి అని. యాజమాన్యానికీ కార్మికులకూ పడనప్పుడు ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. కుదిరితే ఒప్పందం రాయించాలి, కుదరకపోతే ఎందుకు కుదరలేదో ప్రభుత్వానికి నివేదిక పంపాలి. తీర్పు చెప్పే అధికారం మాకు లేదు. కానీ తగాదా లేబర్ కోర్టు గడప తొక్కాలా వద్దా అనేది చాలావరకు మా నివేదిక మీదే ఆధారపడేది.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళ సర్వీసు. పద్దెనిమిదేళ్ళూ రెండు పక్షాలూ పోటీపడి నాకు అబద్ధాలు చెప్పాయి. దానితో అనుమానం నాకు అలవాటై కూర్చుంది. ఎవరైనా నా గదిలోకి వచ్చి నమస్కారం పెడితే, వీళ్ళను ఎవరు పంపారా అని ముందు ఆలోచించేదాన్ని. ఇంట్లో పాలవాడిని కూడా అలాగే చూసేదాన్నని మా వారు ఎగతాళి చేసేవారు.

ఫిబ్రవరిలో ఒక వింత తగాదా వచ్చింది. ములకలపల్లి వైపు అడవి అంచున ఒక ప్రైవేటు అట్టల ఫ్యాక్టరీ ఉండేది. దానికో హాకీ జట్టు. కంపెనీ జట్ల మధ్య ఏటా లీగ్ జరిగేది, టికెట్ పెట్టి ఆడించేవారు. జట్టులో పద్నాలుగు మంది, అందరూ ఏడాది కాంట్రాక్టు మీద. ఎక్కువ మంది చుట్టుపక్కల గూడేల వాళ్ళు. వాళ్ళ పని ఆట ఒక్కటే అయినా, రికార్డులో మాత్రం ప్యాకింగ్ హెల్పర్లు. ఆ కారణంగానే తగాదా నా బల్ల మీదికి వచ్చింది. వాళ్ళు కార్మికులే కారని ఫ్యాక్టరీ పర్సనెల్ మేనేజర్ మొదట వాదించాడు. ఆయన సంతకంతో ఉన్న నియామక పత్రాలు ముందు పెట్టాక ఆ వాదన మానేశాడు.

అసలు గొడవ ఇది. కొత్త కాంట్రాక్టులో, దెబ్బ తగిలి నెల రోజులు ఆడలేకపోతే ఉద్యోగం పోతుందని ఒక షరతు కలిపారు. అంతకు ముందే మోకాలు విరిగిన డిఫెండర్‌ను ఇంటికి పంపేశారు. ఆటగాళ్ళు షరతు తీసేయమని కాగితం ఇచ్చారు. తర్వాత గురువారం పొద్దున వెళ్ళేసరికి గ్రౌండ్ గేటుకు తాళం, హాస్టల్‌కు తాళం. ఇది లాకౌట్ అని ఆటగాళ్ళు అన్నారు. కాదు, సోమవారం నుంచి వాళ్ళే ప్రాక్టీసు ఎగ్గొట్టి సమ్మె చేశారు, అందుకే మూశాం అని మేనేజర్ అన్నాడు. ఈ తేడా మాటల తేడా కాదు. నోటీసు లేకుండా మూడు రోజులు పని ఆపితే కాంట్రాక్టు దానంతట అదే రద్దవుతుందని ఇంకో షరతు ఉంది. సమ్మె అని నేను రాస్తే పద్నాలుగు ఇళ్ళలో పొయ్యి ఆరిపోతుంది. సోమ, మంగళ, బుధవారాల్లో వాళ్ళు ప్రాక్టీసు చేశారా లేదా అన్నదే నేను తేల్చాల్సిన సంగతి.

ఇద్దరి మధ్యే ఉంటే సరిపోయేది. మూడో పక్షం ఒకటి దిగింది, అభిమానులు. మొదటి షిఫ్టు దిగి స్నానాలు చేసిన గని కార్మికులు మూడింటికల్లా మా ఆఫీసు వరండా నింపేసేవారు. గూడేల వాళ్ళు ట్రాక్టర్ల మీద వచ్చేవారు. ఫ్యాక్టరీ తన ఆటగాళ్ళ పేర్లు లీగ్‌కు పంపాల్సిన ఆఖరు రోజు తర్వాతి శనివారం. అది దాటితే ఆ ఏడు జట్టు ఆడదు. అభిమానులకు చట్టంతో పని లేదు, ఆట కావాలి.

“ఆరు దినాలు భూమి లోపట ఉంటం మేడం. ఆదివారం గంటసేపు ఆట జూస్తం. గది గుడ బంద్ జేస్తే ఇంకేం మిగిలింది మాకు?” అని ఒకాయన నా బల్ల మీద గుద్ది మరీ అడిగాడు. ఇంకొకాయన ఆటగాళ్ళ మీద అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “మేం కాళ్ళు ఇరిగినా డ్యూటీ ఎక్కినం. వీళ్ళకేమొచ్చింది? అవతలి జట్టోళ్ళు కొనేసిండ్రు వీళ్ళను!” ఆ మాట ఎవరు పుట్టించారో తెలియదు, రెండు రోజుల్లో క్వార్టర్లన్నీ పాకింది. జట్టు కెప్టెన్ ముత్తయ్య, నెమ్మదైన మనిషి, మా ఆఫీసుకు రావాలంటే వెనక దారిన వచ్చేవాడు. సొంత అభిమానులే తన మీద చెప్పు విసిరారని చెప్పాడు. అభిమానులను మేనేజరే ఎగదోస్తున్నాడని నాకు గట్టి అనుమానం కలిగింది.

ఆ అనుమానం పెట్టుకుని ఉన్నప్పుడే కొమురయ్య వచ్చాడు.

కొమురయ్య రిటైరైన గని కార్మికుడు, అరవై దాటిన మనిషి. మంగళవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ జీపులోంచి దిగాడని మా అటెండర్ ముందే నా చెవిన వేశాడు. ఆయన చొక్కా జేబులో ఫ్యాక్టరీ గేటు పాసు కనిపిస్తూనే ఉంది. ఇంకేం కావాలి నాకు?

“మేడం, జర ఇనుండ్రి. గ్రౌండుల ఒకటి సూపియ్యాలె మీకు. జల్దీ రావాలె” అన్నాడు.

“మిమ్మల్ని ఎవరు పంపారు?” అని అడిగాను.

“ఎవలు పంపుతరు? నేనే వచ్చిన.”

“ఫ్యాక్టరీ జీపులోనా?”

ఆయన ఏదో చెప్పబోయాడు. దారిలో ఎక్కించుకున్నారనో ఏదో. తగాదాలో మీరు పక్షం కాదు, మీ మాట వినే పని నాకు లేదు అని చెప్పి పంపేశాను. నిజానికి చట్టంలో అలాంటి అడ్డేమీ లేదు. రాజీ అధికారి ఎవరినైనా పిలిచి విచారించవచ్చు. అది నాకు బాగా తెలుసు. గడప దగ్గర ఆగి ఆయన నా వైపు ఒకసారి చూశాడు. ఇంత తెలివిగల మనిషిని నన్నే మోసం చేద్దామనుకున్నాడని నేను లోలోపల మురిసిపోయాను కూడా!

గురువారం రెండో సమావేశంలో మేనేజర్ ఒక కొత్త సాక్ష్యం తెచ్చాడు. గ్రౌండ్‌లో సోమవారం పొద్దున వేసిన సున్నం గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయనీ, పద్నాలుగు మంది పరుగులు పెడితే అవి అలా ఉండవనీ, కావాలంటే వచ్చి చూసుకోమనీ అన్నాడు. ముత్తయ్య లేచి, సోమవారం కాదు, గీతలు బుధవారం పొద్దున వేశారు, ఆ రోజు మేం రెండు గంటలు ఆడాం అన్నాడు. గీతలు వేసిందెవరని నేను అడగాలి కదా. అడగలేదు. ఫ్యాక్టరీ తోట పనివాళ్ళే అయివుంటారని అనుకున్నాను.

తనిఖీకి వెళ్ళే ముందు యాజమాన్యానికి సహేతుకమైన నోటీసు ఇవ్వాలని చట్టం. ఒక్క రోజు నోటీసు ఇచ్చినా చెల్లుతుంది. పద్ధతి తప్పానని రేపు ఎవరూ అనకూడదని నేను మంగళవారానికి నోటీసు ఇచ్చాను. నడుమ శనివారం పోయింది. లీగ్ జాబితాలో ఫ్యాక్టరీ జట్టు పేరు లేదు. ఆ సాయంత్రం అభిమానులు మా ఆఫీసు ముందు హాకీ కర్రలు కుప్ప పోసి తగలబెట్టారు. యాజమాన్యాన్నీ తిట్టారు, ఆటగాళ్ళనూ తిట్టారు, నన్నయితే పేరు పెట్టి తిట్టారు. కిటికీ వేసుకుని కూర్చున్నాను. భయం వేసింది, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మంగళవారం తనిఖీకి గేటు తీశారు. బయట రెండు వందల మంది దాకా జనం. లోపల మొరం నేల మీద తెల్లటి గీతలు ముగ్గు వేసినట్టు నిలిచి ఉన్నాయి. ఒక్క అడుగు జాడ లేదు. మేనేజర్ చెయ్యి చాచి చూపించాడు. నేను కాగితం తీసి, ‘గీతలు చెదరలేదు’ అని రాశాను. ముత్తయ్య నా కాగితం వైపే చూస్తున్నాడు.

అప్పుడు గేటు ఊచల వెనక నుంచి ఎవరో పెద్దగా నవ్వారు. కొమురయ్య.

“అరే, గిదేంది? గీ డీ ఎవడు గీసిండ్రా? ఆట తెల్వనోడు గీసిండు!”

ముత్తయ్య అప్పుడే గోలు వైపు సరిగ్గా చూశాడు. చూసి, “అవ్ మేడం! కొమురయ్య తాతను లోపటికి రానియ్యుండ్రి. మా గ్రౌండుకు సున్నం కొట్టేది ఆయనే. పదకొండేండ్ల సంది” అన్నాడు.

గేటు పాసు దేనికో అప్పుడు తెలిసింది. నాకు తల తీసేసినట్టయింది.

హాకీ తెలియని వారికి కొంచెం చెప్పాలి. గోలు ముందు గీసే గీతను డీ అంటారు. దాని లోపలి నుంచి కొడితేనే గోలు. చూడ్డానికి అర్ధచంద్రంలా ఉంటుంది కానీ అర్ధచంద్రం కాదు. ఒక్కో గోలు స్తంభం నుంచి తాడు పట్టి రెండు పావు చుట్లు గీయాలి, ఆ రెంటి నడుమ గోలు వెడల్పంత తిన్నటి గీత కలపాలి. అక్కడున్న డీ మాత్రం గోలు నట్టనడుమ మేకు కొట్టి, ఒకే తాడుతో చుట్టేసిన సగం చుట్టు. తిన్నటి గీతే లేదు.

ఎప్పుడూ ఇలాగే ఉండేదని మేనేజర్ అన్నాడు. కొమురయ్య నడుముకు చుట్టుకున్న తాడు విప్పి, ముడి వేసిన కొసను స్తంభానికి పట్టమని ముత్తయ్యకు ఇచ్చాడు. రెండో కొస పట్టుకుని నడుస్తూ, తాడు బిగిసిన చోటల్లా మడమతో నేలను గీరాడు. పైన కొత్తగా తొక్కించిన ఎర్రమట్టి లేచింది. కింద పాత సున్నం బయటపడింది, అడుగులకు అక్కడక్కడా చెదిరి, మట్టిలో కలిసి. అయిదు చోట్ల గీరితే అయిదు చోట్లా పడింది.

“గివి నా గీతలు మేడం. బేస్తవారం తాళం పడ్డంక రోలర్ కొట్టి మట్టి కప్పిండ్రు. బుధారం పొద్దుగాల నేనే సున్నం కొట్టిన. వీళ్ళు ఆడి చెడగొట్టిండ్రు. గదే సూపియ్యనీకి ఆ నాడు మీ తానకు వచ్చిన.”

మూసిన గ్రౌండ్‌కు రోలర్ ఎందుకు కొట్టించారని మేనేజర్‌ను అడిగాను. మెయింటెనెన్స్ అన్నాడు. సోమవారం గీతలు చెదరలేదని మీరే చెప్పారు, రోలర్ కొడితే గీతలు ఎలా మిగిలాయని అడిగాను. పైన ఉన్నవి రోలర్ తర్వాత గీసిన గీతలని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. రాసిన కాగితం కొట్టేసి, కొమురయ్య వాంగ్మూలం అక్కడే రాయించి సంతకం తీసుకున్నాను. ఆయన సంతకం నిదానంగా, గుండ్రంగా చేశాడు.

రెండు రోజుల్లో యాజమాన్యం రాజీకి వచ్చింది. నివేదికలో నేనేం రాయబోతున్నానో వాళ్ళకు అర్థమైంది. అది లాకౌటేనని ఒప్పుకున్నారు, దెబ్బ తగిలితే తీసేసే షరతు తొలగించారు, డిఫెండర్‌ను వెనక్కి తీసుకున్నారు. పద్నాలుగు మందీ ఆ సోమవారమే ప్రాక్టీసుకు దిగారు. ఒప్పందం అమలును చూడ్డానికి వెళ్ళాను. ఎప్పుడూ ప్రాక్టీసుకు కూడా గట్టు మీద వంద మంది ఉంటారని విన్నాను. ఆ రోజు ఒక్కరు లేరు. లీగ్ లేని ప్రాక్టీసు ఎవరు చూస్తారు?

కొమురయ్య సున్నం బకెట్టు కడుక్కుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి, ఆ రోజు మీ మాట వినకపోవడం నా పొరపాటు అన్నాను. ఆయన, పర్వాలేదు మేడం అంటాడనుకున్నాను. అనలేదు.

“మంగళారం నాడు రెండు నిమిషాలు ఇనుంటే, బుధారం మీరు వచ్చి సూస్తురు. శనివారం లోపట పేర్లు పోతుండె. ఈ పిలగాండ్లు ఏడాదంత ఎదురుజూసిన ఆట మేడం. తాళం వాళ్ళేసిండ్రు. తీయనీకి ఆలస్యం జేసింది మీరే.”

రాజీ అధికారిగా ఆ తర్వాత తొమ్మిదేళ్ళు పని చేశాను. అనుమానించడం మానలేదు, ఆ ఉద్యోగంలో అది మానితే బతకలేం. క్రమం మాత్రం మార్చుకున్నాను. ఎవరు పంపారని అడగడానికి ముందు, వచ్చిన మనిషి చెప్పేది మొత్తం రాసుకునేదాన్ని. నిజమో అబద్ధమో ఆ తర్వాత చూసేదాన్ని. ఆ ఏడు జట్టు ఆడకపోవడానికి కారణం యాజమాన్యం అని నివేదికలో రాశాను, అది నిజమే. అందులో నా వాటా రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు, కాబట్టి ఇక్కడ రాశాను.