రేంజరు సారు ఉంచేసుకున్న పుస్తకం

తెల్లదొరలు పోయి, మన రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల్లో దోర్నాలలో షావుకారు ఇంటి వసారాలో విత్తనానికి శనక్కాయలు ఒలిచేవాళ్లం. ఒలుస్తూ గింజలు తినేస్తామని ఆయన భయం. అందుకని బడి అయ్యవారిని పిలిపించి కథల పుస్తకం చదివించేవాడు. కథ వింటుంటే దవడలు ఆడవట. నిజంగానే ఆడలేదు.

ఆ కథ సముద్రం మధ్య ఏదో దీవిది. తెల్లదొర ఓడ దిగి, మీకు బుద్ధులు నేర్పడానికి వచ్చానని చెప్పి, ఆ జనం కొబ్బరితోపుకే కంచె వేస్తాడు. కాయ కోసినవాణ్ని దొంగంటూ కొరడాతో కొట్టిస్తాడు. ఆదివారం వచ్చిందంటే ప్రార్థనలో వాళ్ల కోసం ఏడ్చి, తన పాత చొక్కాలు పంచుతాడు, వాడి నోట మన్నుపడ. కొరడా దగ్గర మేమూ ఏడ్చాం. చొక్కాల దగ్గర పడీపడీ నవ్వాం.

కథ సగంలో ఉండగా, నా మూడు మేకలూ అడవిలో మేశాయని ఫారెస్టు వాచరు తోలుకుపోయి బందెల దొడ్డిలో పెట్టాడు. మా తాత మేపిన అడవే అది. నా మొగుడు పోయాక ఆ పాల మీదే నా పొయ్యి వెలిగేది. జరిమానా కట్టి విడిపించుకోకపోతే వేలం వేస్తారు. ఎవరి తోపులో వాళ్లనే దొంగల్ని చేయడం అన్యాయమని పుస్తకంలో ఉంది కదా, అచ్చులో ఉన్న మాట సాక్ష్యానికి పనికొస్తుందని ఒలిచేవాళ్లందరం అనుకున్నాం. అయ్యవారిని బతిమాలి, ఆ పుస్తకం పట్టుకుని రేంజరు దగ్గరికి పోయాను.

ఆయన చదవడం మొదలుపెట్టి పొద్దువాలేదాకా తల ఎత్తలేదు. కొరడా దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. ఎంత పాపిష్టోళ్లమ్మా ఆ దొరలు అన్నాడు. నా మేకల సంగతి అడిగితే మాత్రం, రూలు రూలే అన్నాడు. నా చిరుగుల చీర చూసి జాలిపడి, లోపలికి పోయి తన పాత ఖాకీ చొక్కా తెచ్చి చేతిలో పెట్టాడు.

"సారూ, ఆ దొర గూడా ఇట్లనే ఇచ్చినాడు గదా" అన్నాను.

గుమ్మంలో ఉన్న వాచరు కిసుక్కుమన్నాడు. రేంజరు ముఖం మాడింది. పుస్తకం మూసి సొరుగులో పడేశాడు.

"మేకల్ని తోలుకపో. ఈ పుస్తకం మాత్రం ఈడ్నే ఉంటాది. జనం చేతిలో ఉండాల్సింది కాదిది."

చొక్కా తెచ్చి మేకల కింద పరిచాను. మరునాడు ఒలిచేచోట నన్ను దుమ్మెత్తిపోశారు.

"నీ మేకలొచ్చినాయి సరే. ఆ దొర చచ్చినాడో బతికినాడో మాకెవరు చెప్తారే?"

పుస్తకం లేదు, అయ్యవారు రాలేదు. ఆ రోజు అందరి దవడలూ ఆడాయి.