అత్తయ్య మాత్ర, శ్రీలంక ప్రయాణం

ఆ వార్త నాకు మొదట చెప్పింది మా ఇంటికి చేపలు తెచ్చే వదిన. బందరులో మా గుమ్మం ముందు తట్ట దించి, తూకం మాట ఎత్తకుండా అలాగే కూర్చుండిపోయింది. హంసలదీవి దగ్గరుండే ఆమె తమ్ముడు సరదాగా మలేషియా చూడటానికి వెళ్లి, గుండెనొప్పితో అక్కడి ఆస్పత్రిలో పడ్డాడు. ప్రయాణానికి చేయించుకున్న బీమా ఆదుకోలేదు.

“ముందున్న జబ్బు దాచాడంట వదినా. దాచేదేముంది? తగ్గిందని చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాడుగా. అందుకే లేదని రాయించాడు. పడవ అమ్మి తీసుకొచ్చుకున్నాం.”

“ఎవరు రాశారు?”

“ఇంకెవరు, మీ చర్చిలో ఆ బీమా ఏజెంటే.”

మావారూ నేనూ అత్తయ్యను తీసుకుని శ్రీలంక వెళ్లాలనుకుంటున్నాం. మా చర్చికే వచ్చే ఆ ఏజెంటు అంతకు ముందే ఇంటికొచ్చి వివరాలు రాసుకుపోయాడు. అత్తయ్య గుండెకు స్టెంట్ ఉంది. అతను జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే ఆవిడ లేవనే చెప్పింది. అబద్ధం చెప్పాలని కాదు. ప్రార్థన వల్ల నయమైందని ఒకసారి సాక్ష్యం చెప్పాక మాలో ఆ జబ్బు పేరు మళ్లీ ఎత్తరు. ఎత్తితే దేవుడిచ్చినదాన్ని తిరిగి ఆయన చేతిలో పెట్టినట్టు బాధపడతారు. ఆ సంగతి అతనికి మాకంటే బాగా తెలుసు.

ఆదివారం ఆరాధన అయ్యాక, చెట్టుకింద పులిహోర తింటున్న అతని దగ్గరికి వెళ్లి అత్తయ్య స్టెంట్ సంగతి కూడా రాయమన్నాను.

“వందనాలక్కా. సాక్ష్యం చెప్పించిందీ మీరే, జబ్బుందని రాయమనేదీ మీరేనా? దేవుడు వింటే ఏమనుకుంటాడు?” అని నవ్వాడు. వేళ్లు నాక్కుని, గొంతు తగ్గించి, “రాస్తే ఈ పాలసీ రాదక్కా. నాకు బేరం పోద్ది, మీకు ప్రయాణం పోద్ది. మనలో మనకెందుకు?” అన్నాడు.

ఆ నోటితోనే అంతకు ముందు పాట పాడాడు. అతను పట్టుకున్న పాటల పుస్తకం నేను తాకలేకపోయాను. అత్తయ్య నమ్మకాన్ని సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్ముతున్నాడనిపించింది. ఇప్పటికీ పులిహోర వాసన తగిలితే నాకు ఆ వేళ్లే గుర్తొస్తాయి.

అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. “ఆయన స్వస్థత ఇచ్చాడమ్మా. ఉందని ఎట్టా చెప్పను?”

“మరి పొద్దున్నే ఆ మాత్ర ఎందుకు వేసుకుంటున్నారత్తయ్యా?”

“అదీ ఆయనిచ్చిందే.”

“అయితే ఆయనిచ్చిన మాత్ర పేరే రాయిద్దాం.”

ఆవిడ లేచి చీర మార్చుకుంది. గుడివాడ బస్సెక్కాం. అక్కడి బీమా ఆఫీసులో ఒకమ్మాయి ఉంది. నేను బడికి వెళ్లలేదు. నాన్న పక్కన కూర్చుని బైబిలు చదువుతూ అక్షరాలు నేర్చుకున్నదాన్ని. పైకి చదివితేగాని నాకు ఏదీ బుర్రకెక్కదు. ఆ అమ్మాయి విసుక్కోకుండా నాతోపాటు ప్రతి షరతూ చదివింది. చౌకగా ఉన్నవాటిలో పాత జబ్బుకు డబ్బు ఇస్తామన్న ఊసే లేదు. ఒకదాంట్లో మాత్రం, ముందే చెప్పిన జబ్బు అక్కడ ఉన్నట్టుండి ప్రాణం మీదికి తెస్తే ఆస్పత్రి ఖర్చు ఇస్తామని ఉంది. ఖరీదు ఎక్కువే. అదే తీసుకున్నాం. అత్తయ్య తన నోటితో మాత్ర పేరు చెప్పి, స్టెంట్ సంగతి కూడా చెప్పింది. చెప్పాక కళ్లు తుడుచుకుంది. ఆ ధైర్యం ఇచ్చినందుకు బస్సులో దేవుడికి వందనాలు చెప్పుకున్నాను.

శ్రీలంకలో ఏమీ కాలేదు. అత్తయ్య సముద్రంలో పాదాలు తడుపుకుని, “మన హంసలదీవి నీళ్లలాగే ఉన్నాయే,” అంది. దానికీ వందనాలే.

తిరిగొచ్చాక చర్చిలో ఆ ఏజెంటు నాకు వినపడేలా, “కొందరికి విశ్వాసం తక్కువ,” అన్నాడు. అత్తయ్య వెనక్కి తిరిగి, “నాకు ఎక్కువే నాయనా. నీ మీదే లేదు,” అంది. అతను సిగ్గుపడలేదు. ఆ వారమే బీమా రాయడానికి ఇంకో ఇంటికి వెళ్లాడని విన్నాను.

చేపల వదిన తమ్ముడు ఇప్పుడు పరాయివాళ్ల పడవ మీదికి కూడా వెళ్లలేడు, ఒడ్డునే కూర్చుంటాడు. దేవుణ్ణి నమ్మి నయమైందని చెప్పడం తప్ప అతను చేసిన తప్పేమీ లేదు. ఇది చదివినవారు, ఏ దేవుడికి మొక్కేవారైనా సరే, ప్రార్థనలో ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.