గాజు పలకల బడి

ఆ కౌంటీ డ్యూటీని నేను బేరమాడి మరీ సంపాదించాను. అమెరికాలో మా నేషనల్ గార్డ్ దళాన్ని వరద పనికి పిలిచినప్పుడు నా వంతుకు వచ్చింది నగరంలో స్టోర్స్. పొడి నేల, వేడి కాఫీ, మడత మంచం. దాన్ని మరొకడి చేతిలో పెట్టి, పటంలో రెండు రోడ్లూ ఒక నదీ తప్ప ఏమీ లేని పల్లె కౌంటీని పుచ్చుకున్నాను. కొసరుగా రెండు జతల ఉన్ని మేజోళ్లు కూడా రాబట్టాను. మనుషులు తక్కువ ఉన్నచోట పనీ తక్కువే ఉంటుందని నా లెక్క. తెనాలిలో మా నాన్నది ఇత్తడి సామాన్ల కొట్టు. అలాంటి లెక్కలు వేసేవాణ్ణి మా ఇంట్లో తెలివైనవాడనేవారు.

ఉదయం 0600కి ట్రక్కు దిగాం. సన్నటి వాన. బూటు పైదాకా నల్ల బురద. మొక్కజొన్న ఇంకా చీలమండ ఎత్తు. నది మాత్రం అప్పటికే కరకట్ట మెడ దాకా వచ్చి ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి రైతులు గుర్రాలతో మట్టి లాగించి పోసుకున్న కట్ట అది. మేం నలుగురం: సార్జెంట్, డ్రైవర్, రేడియో ఆపరేటర్, నేను. రేడియో అమ్మాయి మన తెలుగు పిల్లే. పుట్టి పెరిగింది షికాగో శివార్లలో. నాకప్పుడు ముప్పై మూడు. నా ర్యాంకు పక్కన పెట్టి అంకుల్ అని పిలిచేది.

ఆర్డరు ఒక్కటే. సాయంత్రం 1800 కల్లా, ఊళ్లో నీళ్లని నదిలోకి తోడే పంపు హౌస్ చుట్టూ ఇసుక బస్తాలు పేర్చాలి. ట్రక్కు అక్కణ్ణించి కదలకూడదు.

కట్ట పక్కన పాత ఇటుక బడి ఉంది. ఒకే గది, కింద సెల్లార్. ఇప్పుడది కౌంటీ మ్యూజియం. డెబ్భై దాటిన ఒక రిటైర్డ్ టీచర్ దాన్ని చూసుకుంటోంది. ఆమె మమ్మల్ని కిందికి తీసుకెళ్లింది. భుజం ఎత్తున చెక్క పెట్టెలు, వాటి నిండా గాజు పలకలు. ఫిల్ము రాకముందు నెగటివ్‌లు గాజు మీదే ఉండేవి. ఎవరో ఫోటోగ్రాఫరు గుర్రబ్బండిలో పొలం పొలం తిరిగి తీసినవట: నూర్పిళ్లు, పెళ్లిళ్లు, ఈ కట్ట పోసిన మనుషులు. చాలావాటికి కాగితం మీద నకలు లేదు. నీళ్లు తగిలితే బొమ్మ పొర ఊడిపోతుందని చెప్పింది.

"వీటిని నేనొక్కదాన్నీ మోయలేను," అంది. ఇంకేమీ అడగలేదు.

సార్జెంట్ దగ్గరికి వెళ్లి ట్రక్కు ఒక్క గంట అడిగాను. పంపు ఆగితే ఊరు మునుగుతుంది, గాజు మునిగితే గాజే మునుగుతుంది అన్నాడు. గంట కాస్తా అరగంటకి దించాను. కదల్లేదు. చివరికి ట్రక్కు బదులు నన్నూ రేడియో అమ్మాయినీ మధ్యాహ్నం దాకా వదిలాడు. చేతులు దొరికాయి, చక్రాలు దొరకలేదు.

రోడ్డుకి అవతల మెరక మీద ఒక రైతు ఇల్లు. వాకిట్లో ట్రాక్టరు, టార్పాలిన్ కప్పిన ట్రైలరు. వెళ్లి ఒక్క పూటకి ఎంతని అడిగాను. పెద్దాయన నది వైపు కాసేపు చూసి ఒక అంకె చెప్పాడు. నేను అందులో సగం అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. సరేలెండి అని వెనక్కి తిరిగాను. బజారులో అందరూ చేసే పనే. నెమ్మదిగా నడిచాను. గేటు దగ్గర ఆగి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాను. మా ఊళ్లో అయితే ఈపాటికి వెనక నుంచి పిలుపు రావాలి. తలుపు మూసిన చప్పుడు వచ్చింది. వెంటనే భుజానికున్న వాకీటాకీలో రేడియో అమ్మాయి గొంతు.

"బేరం ఏమైంది అంకుల్? ఓవర్."

"పిలుస్తాడు. ఓవర్."

"ఆయన డోర్ వేసేసాడు, నాకు కనిపిస్తోంది. మనకి ఉన్న ఒక్క ట్రాక్టర్ మీరు వదిలేసారు. ఓవర్."

సార్జెంట్ మధ్యలో దూరి, రేడియో నెట్ మీద ఇంగ్లీష్ మాట్లాడమన్నాడు.

సంగతి విని టీచర్ కోప్పడలేదు. ఒక పలక తీసి బల్బుకి ఎదురుగా పట్టుకుంది. ఆవిరి ఇంజిను, నూర్పిడి యంత్రం, ముందు వరసగా మనుషులు. ఆ రోజుల్లో పది పొలాలకి కలిపి ఒకే యంత్రమట. అందరూ ఒక్కో పొలానికి కలిసి వెళ్లేవారు. ఆఖరి పొలం అయ్యాక ఒక సాయంత్రం కూర్చుని, ఐస్‌క్రీమ్ తింటూ ఎవరు ఎవరికి ఎంత పని చేశారో సరిచూసుకునేవారు. పనికి ముందు ధర మాట్లాడేది బయటివాళ్లతోనే.

"మీరు ధర అడిగారు, బయటివాళ్లకి చెప్పే ధర చెప్పాడు," అంది. "ఇందులో ఎడమ నుంచి మూడోవాడు ఆయన తాత."

ఇప్పుడేం చెయ్యాలని అడిగాను.

"ఆయన పందుల కొట్టం పల్లంలో ఉంది."

నేనూ రేడియో అమ్మాయీ బస్తాలూ పారలూ తీసుకుని వెళ్లి, ఎవరినీ అడక్కుండా కొట్టం గుమ్మానికి అడ్డం కట్టడం మొదలుపెట్టాం. లోపల పందులు గోల. రేడియో అమ్మాయి ముక్కుకి రుమాలు కట్టుకుని, ఇది ఫ్రీ వర్కా అంకుల్ అని అడిగింది. అడ్వాన్సు అన్నాను. పెద్దాయన చాలాసేపు కిటికీలోంచి చూశాడు. గంట దాటాక పార పట్టుకుని వచ్చాడు. మా పక్కనే నిలబడి బస్తాలు నింపాడు. ఆఖరి బస్తా పడ్డాక అడిగాడు.

"నీ పెట్టెలెన్ని?"

"మీ బండి మొయ్యగలిగినన్ని."

ఫోను తీసి ఇద్దరు పొరుగువాళ్లని పిలిచాడు. రేడియో అమ్మాయి సార్జెంట్‌కి సివిలియన్ ట్రాక్టరు దొరికిందని చెప్పి నాకు మైకు ఇచ్చింది. ఎంతకని సార్జెంట్ అడిగాడు. ధర మాట్లాడలేదన్నాను.

"మాట్లాడుతోంది నువ్వేనా?" అన్నాడు.

మేం వెళ్లేసరికి సెల్లార్ నేలలోంచి నీళ్లు ఊరి మోకాలి కింది దాకా వచ్చాయి. మెట్ల మీద వరసగా నిలబడి పెట్టెలు అందించుకున్నాం. పై వరసలన్నీ బండెక్కాయి. అడుగు వరస అప్పటికే నానింది. టీచర్ దాంట్లోంచి ఒక పలక పైకి తీసింది. పొలంలో నిలబడ్డ మనుషుల వరస, గడ్డి టోపీలతో, పాల మీద మీగడలా గాజు మీంచి జారింది. ఒక్కసారి మడతపడి నీళ్లలో పడింది. ఆమె చేతిలో మిగిలిన గాజు పూర్తిగా తేటగా ఉంది. ఇప్పటికీ హెర్న్‌డన్‌లో మా ఇంటి ముందు కారు అద్దం తుడిచేటప్పుడు ఆ గాజే కనిపిస్తుంది.

పంపు ఆగలేదు, కట్ట తెగలేదు. వెళ్లిపోయే ముందురోజు ఫైర్ స్టేషన్‌లో కాగితం కప్పుల్లో ఐస్‌క్రీమ్ పెట్టారు. పెద్దాయన నా పక్కన కూర్చుని, కొట్టానికి నువ్వు, పెట్టెలకి నేను, సరిపోయింది అన్నాడు. ఇంటికి వెళ్లే ట్రక్కులో రేడియో అమ్మాయి, పోయినవి ఫ్లడ్ అకౌంట్‌లో రాసెయ్యండి అంకుల్ అంది. మంచి రాయితీ. పుచ్చుకోలేదు.

దక్కినవి బండెడు పెట్టెలు, ఒక ఊరు, ఒక కొట్టం పందులు. పోయినవి పదకొండు పెట్టెలు. మొదటి మాటకే సరేనంటే అవి కూడా పైకి వచ్చేవి. వాటిలో ఎవరెవరున్నారో ఇక ఆ కౌంటీలో ఎవరికీ తెలియదు.