కట్టయిన ఫోన్‌లో ప్రార్థన

మా ఇంట్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు అమ్మకు ఫోన్ చేస్తాం. ఆమె దగ్గర ఉపాయం ఉంటుందని కాదు, ప్రార్థన ఉంటుందని. అమ్మ జనగామ దగ్గర లింగాల ఘనపూర్‌లో అంగన్‌వాడీ టీచరు. నాయిన అక్కడే పత్తి వేస్తాడు. అక్క భూపాలపల్లిలో ఉంటుంది, బావ బొగ్గుబాయిలో పని చేస్తాడు. నేను మహబూబాబాద్‌లో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. ఒకప్పుడు ఇవన్నీ ఒకే జిల్లా. ఇప్పుడు మూడు జిల్లాలయ్యాయి. మమ్మల్ని మాత్రం రోజూ సాయంత్రం ఫోన్ కలుపుతుంది.

చెప్పిందంతా విని అమ్మ "కండ్లు మూసుకో బిడ్డా" అంటుంది. అక్కడినుంచి ఆమె భాష మారిపోతుంది. పొద్దంతా పిల్లలతో "గిట్ల రారా, గట్ల కూసోరా" అనే మనిషి ఒక్కసారిగా "ప్రేమగల పరిశుద్ధ తండ్రీ, నీకు స్తోత్రములు చెల్లించుచున్నాము" అని మొదలుపెడుతుంది. ముందు దేశాన్ని ఏలేవాళ్లు, తర్వాత కలెక్టరు, తర్వాత పాస్టరుగారి మోకాళ్ల నొప్పి, అంగన్‌వాడీ పిల్లల దగ్గు, పక్కింటి అవ్వ బర్రె. అవ్వ పోచమ్మకు బోనం ఎత్తే మనిషి. బర్రెకు బాగాలేకపోతే మాత్రం అమ్మ దగ్గరికి వస్తుంది. "దేవుళ్లందరికీ ఒక మాట చెప్పి పెడితే ఏం పోతది" అంటుంది. వీళ్లందరూ అయ్యాక గానీ మా వంతు రాదు.

ఆలోపు నా వంట సగమవుతుంది. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు కోస్తూ వినడం నాకు అలవాటు. కళ్లు మూసుకోను. కత్తిపీట ముందు కళ్లు మూసుకోమని ఏ దేవుడూ అడగడని నా నమ్మకం. చివర్లో "ఆమెన్" మాత్రం గట్టిగా అంటాను.

మా వైపు సిగ్నల్ సంగతి తెలిసిందే. ప్రార్థన మధ్యలో ఫోన్ కట్టవుతుంది. కళ్లు మూసుకున్న అమ్మకు ఆ సంగతి తెలియదు. చెవికి ఆనించుకుని అలాగే చేస్తూ పోతుంది. వెంటనే మళ్లీ ఫోన్ చేస్తే ఆ మోతకు ప్రార్థన చెడిపోతుందని మా ఇంట్లో ఎవరూ చేయం. అయిపోయి ఉంటుందని అంచనా వేసుకుని, అప్పుడు చేసి "ఆమెన్" అంటాం. చివర్లోనే కట్టయిందనుకునేది అమ్మ. ఒకసారి అక్క అంచనా తప్పి మధ్యలో చేసింది. అప్పుడు గానీ అమ్మకు అసలు విషయం తెలియలేదు. ఇన్నాళ్లూ ఖాళీ ఫోన్‌తో మాట్లాడావని మేం నవ్వితే ఆమె ఏమీ నొచ్చుకోలేదు.

"కట్టయితే ఏమైతది? నేను మీకు చెప్తున్ననా?" అంది.

ఆ ప్రార్థనల వల్ల ఏం జరిగిందని అడిగితే నేను సాక్ష్యం చెప్పలేను. అమ్మ ప్రార్థించినా మా ఆఫీసులో ఆడిట్ ఆగలేదు. పై అధికారి కేకలు ఆగలేదు. నేను మాత్రం ఫైళ్లు పట్టుకుని ఆడిట్‌వాళ్ల ముందు కూర్చోగలిగాను. అక్క సంగతి వేరు. బావ బాయిలో దిగిన ప్రతిసారీ ఆమెకు అన్నం సహించదు. అమ్మ గొంతు విన్నాకే పళ్లెం ముందు కూర్చుంటుంది. ఆ గొంతు మాకు ఇంట్లో పొయ్యిలాంటిది, ఉన్నన్నాళ్లూ దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. వరంగల్‌లో చూపిస్తే థైరాయిడ్ గడ్డ, తీసేయాలన్నారు. అమ్మ డాక్టరును అడిగింది ఒక్కటే.

"మాట పోతదా సారూ?"

డాక్టరు మంచివాడు, దాచలేదు. మాటకు సంబంధించిన నరం ఆ గడ్డ పక్కనుంచే పోతుందని, జాగ్రత్తగా చేస్తామని, అయినా ఒక్కొక్కరికి కొంతకాలం గొంతు రాదని, వచ్చినా పాత గొంతు కాకపోవచ్చని చెప్పాడు. అమ్మ తలూపింది. నాకు భయమేసింది. ఆమె ప్రాణం గురించి వేసినదానికంటే ఆ మాట గురించే ఎక్కువ భయమేసింది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం దవాఖాన మంచం మీద కూర్చుని అమ్మ ప్రార్థన చేసింది. డాక్టరు చేతుల కోసం, నేల తుడిచే ఆమె నడుము కోసం, పక్క మంచంలో ఉన్న ముసలాయన కోసం, చివరికి అవ్వ బర్రె కోసం. అది చూడితో ఉంది, నెలలు నిండుతున్నాయి. తన గొంతు ఊసు మాత్రం లేదు.

"నీ గొంతు గురించి అడగవేందమ్మా?" అన్నాను.

"ఆయనకు తెల్వదా?"

"మరి బర్రె సంగతి తెల్వదా ఆయనకు?"

"అది నోరు లేని జీవి. దాని కోసం ఎవరన్న అడగాలె. నాకు నోరున్నది గదా" అంది.

నోరుండీ అడగని మనిషితో ఏం వాదిస్తాం.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు రాలేదు. ఇంటికి తెచ్చాక అమ్మ అంగన్‌వాడీ పలక ఒకటి ఒళ్లో పెట్టుకుని, సుద్దముక్కతో రాసి చూపించేది. చర్చి సంఘంవాళ్లు వచ్చి ఆమె చుట్టూ నిలబడి ప్రార్థించారు. ఒకరికంటే ఒకరు గట్టిగా చేశారు. దేవుడికి వినబడదనుకున్నారో, అమ్మకు చెవులు కూడా పోయాయనుకున్నారో తెలియదు. వాళ్ల ప్రేమలో కల్తీ లేదు గానీ, నేను మహబూబాబాద్ తిరిగొచ్చాక సాయంత్రాలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. బెండకాయలు ఊరికే కోయడం నాకు చేతకాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసుకు అక్క ఫోన్ చేసింది. బాయిలో నీళ్లు ఊరుతున్నాయని, అయినా బావ షిఫ్టుకు పోతున్నాడని చెప్పింది.

"ఈపొద్దు నువ్వన్న చెయ్యవే ప్రార్థన. చేసినవని తెలిస్తే జర ధైర్యమైతది."

"నాకు రాదక్కా."

"నేను చేస్తే ఏడుపే వస్తది. నాయిన పుట్టినసంది ఆమెన్ తప్ప ఏమన్నడా? నువ్వే చెయ్యాలె. అమ్మను కూసోపెట్టి నీకు ఫోన్ చెయ్యమని నాయినకు చెప్పిన."

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి నాయిన ఫోన్ వచ్చింది. "మీ అమ్మ కండ్లు మూసుకొని కూసున్నది. ఇగ నువ్వు అను" అన్నాడు.

నేనూ కళ్లు మూసుకున్నాను. నోట్లోంచి మొదట వచ్చిన మాటలు, "ప్రభువా, తమరి దృష్టికి తీసుకురావడమేమనగా." రోజంతా ఫైళ్లు రాసే మనిషికి ఇంకేం వస్తాయి. సిగ్గేసి ఆగిపోయాను. అమ్మలాగా చేయబోతే ఒక్క మాట కూడా గుర్తు రాలేదు. ఇక ఇంట్లో మాట్లాడుకునే మాటలతోనే అడిగాను.

"బావ బాయిల దిగిండు ప్రభువా. మల్ల మంచిగ పైకి తీసుకరా. అక్కను ఇంత అన్నం తిననియ్యి. నాయిన బోరు మోటారు కాలిపోకుండ చూడు. అమ్మ ఇప్పుడు నోరు లేని మనిషి. నోరున్నప్పుడు కూడ ఆమె కోసం ఆమె అడుక్కోలే. ఆమె తరఫున నేనడుగుతున్న. ఆమె గొంతు ఆమెకియ్యి."

అక్కడ ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఇంకా ఏమేమో అన్నాను. ఆమెన్ అని కళ్లు తెరిచి చూస్తే ఫోన్ నల్లగా ఉంది. ఎప్పుడో కట్టయింది.

నేను తిరిగి చేయలేదు. కాసేపటికి నాయినే చేశాడు.

"ఆమెన్" అన్నాడు.

"ఎక్కడిదాక ఇన్నరు నాయినా?"

"మోటారు దాక ఇన్నం. నేను అప్పుడే చేద్దామంటే మీ అమ్మ చెయ్యి అడ్డం వెట్టింది. ఇంతసేపు కండ్లు తెరువలే."

వెనకాల పలక మీద సుద్ద గీరిన చప్పుడు వినిపించింది. నాయిన కూడబలుక్కుంటూ చదివాడు. "అవ్వ బర్రెను తలిచినవా, అంటున్నది."

"మర్చిపోయిన."

"అయితే మల్ల అను."

మళ్లీ కళ్లు మూసుకున్నాను. బర్రె సుఖంగా ఈనాలని అడిగాను. అక్కడ ఆపేస్తే సరిపోయేది, కట్టయ్యాక అన్నది వాళ్లకు తెలియకుండానే ఉండేది. కానీ అమ్మ వినాలనిపించింది. ఆమె గొంతు ఆమెకియ్యి అని మళ్లీ అన్నాను. ఈసారి లైను నిలిచింది. నాయిన "ఆమెన్" అన్నాడు. దాని వెనకే ఇంకొకటి వినిపించింది. అది గొంతు కాదు, ఉత్త ఊపిరి. మాట మాత్రం అదే.

బావ పైకి వచ్చాడు. బర్రె ఆ వారమే ఈనింది, అవ్వ అమ్మకు జున్నుపాలు పంపింది. అమ్మ గొంతుకు మాత్రం నెలలు పట్టింది. దేవుడి దగ్గర కూడా మా ఆఫీసులాగే ఏ ఫైలు ముందు కదులుతుందో చెప్పలేం. వచ్చిన గొంతు పాతది కాదు, బొంగురుగా, సన్నగా ఉంటుంది. పిల్లలకు పాటలు ఇప్పుడు ఆయా చెబుతుంది. ప్రార్థన మాత్రం అమ్మే మొదలుపెడుతుంది. ఏలేవాళ్లు, కలెక్టరు, పాస్టరుగారి మోకాళ్లు అయ్యేసరికి అలసిపోతుంది.

"ఇగ నువ్వందుకో" అంటుంది.

నేను కత్తిపీట పక్కకు జరిపి, కళ్లు మూసుకుంటాను.