పదెకరాల చాయ్

ఆ రోజుల్లో నా నోటికి తాళం వేయగల మనిషి ఎల్బీనగర్‌లో లేడని నాకు గట్టి నమ్మకం. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి (బడి కూడా పెద్దగా బాధపడలేదు) నల్గొండ పక్కన మా ఊరి నుంచి వచ్చి కిరాయి ఆటో తోలేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కినవాళ్లు దిగేలోపు ఒక్కసారైనా నవ్వకపోతే నాకు బోణీ కానట్టే. మా ఆటో అడ్డాలో అందరికీ సొంతూళ్లో ఎంతో కొంత భూమి ఉంది. అందుకని పంట పెట్టుబడికి సర్కారిచ్చే సాయం పడే రోజులంటే మాకు పండగే. ఆ డబ్బులు అందరికీ ఒకేసారి పడవు. మొదటి రోజు ఎకరం లోపు వాళ్లకు, తర్వాత రెండెకరాల వాళ్లకు, అలా చిన్న రైతు నుంచి పెద్ద రైతు దాకా మెల్లగా పోతాయి. ఎవరికి పడితే వాళ్లు అడ్డా మొత్తానికి చాయ్ తాగించాలి.

అడ్డాలో పెద్దమనిషిని అందరం పటేలా అని పిలిచేవాళ్లం. ఊళ్లో పదెకరాల ఆసామి, ఊరికే కూర్చోలేక ఆటో తోలుతున్నాడని చెప్పుకునేవారు. సవారీల దగ్గర కొట్లాట వస్తే తీర్పు ఆయనదే. "ఏందిరా, ఒక్క సవారీకి గింత లొల్లా? జరుగు" అంటే ఎంతటివాడైనా ఆటో వెనక్కి తీయాల్సిందే.

నేను చేరిన ఏడాది, సాయం మొదలైన రోజు పొద్దున చాయ్ దుకాణం బెంచీ మీద కూర్చున్నాం. నా ఫోను మోగింది. నాది అర ఎకరం కాబట్టి వింతేమీ లేదు. వెంటనే, మా ఇద్దరి మధ్య పెట్టి ఉన్న పటేలు ఫోను కూడా మోగింది. తొంగిచూడటం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. చూశాను. అదే బ్యాంకు మెసేజ్, అదే సాయం, పదెకరాల ఆసామికి మొదటి రోజే. పటేలు ఫోను బోర్లించి, "సిమ్ కంపెనోళ్లు, పొద్దుగాల్నే పరేషాన్ చేస్తరు" అన్నాడు. నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "బోర్లల్ల పోయింది బిడ్డా. నీళ్లు పడలే, పొలం మిగల్లే."

నా నాలుక మీద అప్పటికే ఒక జోకు తయారై కూర్చుంది (చాలా మంచి జోకు, ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు). దాన్ని చాయ్‌తో పాటు మింగేశాను. ఆ తర్వాత పటేలు రోజూ అందరితో, "మా దాకా రానీకి ఇంకా టైముందిలే" అంటుంటే నేను ఆకాశంలో మెట్రో పట్టాలు చూసేవాణ్ణి. చివరికి పదెకరాల వాళ్లకు పడ్డ రోజు రానే వచ్చింది. తెల్లారకముందు నుంచి వనస్థలిపురం సవారీలు తోలిన కిరాయి డబ్బుతో పటేలు అందరికీ చాయ్, మిరపకాయ బజ్జీలు పెట్టించాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. బజ్జీ ఘాటన్నాను.

ఆయన సవారీ తీసుకుని వెళ్లాక, చాయ్ దుకాణం నడిపే కాకా గ్లాసులు ఏరుతూ, "ఆ దినం నువ్వు ఫోన్ల తొంగిచూసుడు నేను జూసిన" అన్నాడు. "పటేలు ముచ్చట మాకందరికి ఎప్పుడో ఎరుకే. గీసారి నీతోనే భయమైంది. నీ నోరు అసొంటిది మల్ల."

పక్కనున్న డ్రైవరొకడు అందుకున్నాడు. "గిన్ని దినాలు ఊకున్నవంటే జరమొచ్చిందేమో, దవాఖానకు తీస్కపోదామనుకున్నం."

పటేలు పరువును నేనొక్కడినే మోస్తున్నానని అన్నాళ్లూ ఎంత గర్వపడ్డానో. తీరా చూస్తే అడ్డా అంతా కలిసి దాన్ని నా నుంచే కాపాడుతోంది. పటేలు ఇప్పటికీ తీర్పులు చెబుతూనే ఉన్నాడు. కొత్త కుర్రాడెవడైనా అడ్డాలో చేరితే, లైసెన్సు కంటే ముందు వాడి నోరు ఎలాంటిదో కనుక్కునే పని మాత్రం నాకప్పగించారు.