అంతయ్య పారబోయని నీళ్ళు

మా కొత్తపేట ఇంటి మేడమీద గదిలో అద్దెకుండే అంతయ్య మోటార్లు బాగుచేసే మెకానిక్. దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న షాపు. నల్గొండ జిల్లాలో అన్నదమ్ములిద్దరికీ కలిపి కాస్త భూమి ఉండేది. బోరు ఎండిపోయి, పంటలు లేక, ఇద్దరూ పట్నం చేరారు. తమ్ముడు మధు ఎల్బీనగర్‌లో ఆటో నడిపేవాడు. ఆ భూమిని ప్లాట్లవాళ్ళకు అమ్మేద్దామని మధు, చచ్చినా అమ్మనని అంతయ్య. ఇద్దరూ సంతకం పెడితేగానీ అమ్మకం కాదు.

ఆ గొడవ నడుస్తుండగానే అంతయ్య ఏదో మేళాకు పోయి, మట్టి లేకుండా ఆకుకూరలు పెంచడం చూసొచ్చాడు. "అమ్మా, జర మేడమీద జాగియ్యరాదే? మట్టుండది, బురదుండది" అంటూ నా వెంటపడ్డాడు. సరే ఏడువు అన్నాను. నిలువుగా పైపులు నిలబెట్టి, వాటికి కన్నాలు పెట్టి, కన్నానికో పాలకూర మొక్క గుచ్చాడు. కింద డ్రమ్ములో ఎరువు కలిపిన నీళ్ళు. చిన్న మోటారు వాటిని పైకి తోస్తే, వేళ్ళను తడుపుతూ దిగి మళ్ళీ డ్రమ్ములోకే చేరతాయి. మొక్క తాగినంతే ఖర్చు. మడికి పెట్టే నీళ్ళలో పదోవంతు చాలట. ఎరువు కూడా నేలపాలు కాదట.

"వానకు నిండే ఒక్క తొట్టుంటే చాలమ్మా, మా ఊర్ల కూర పండిస్త" అనేవాడు. తమ్ముడికీ మాటిచ్చాడు: "దసరాకు ఒచ్చి చూడు. పచ్చగుంటే అమ్మొద్దు. లేకుంటే నువ్వు చెప్పినకాడ సంతకం పెడ్త."

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడు. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకోకు పోయి, గొంతు పోగొట్టుకుని వచ్చి, నేరుగా మేడెక్కి పైపులు తడుముకునేవాడు. మాది తెనాలి. నాకు ఒళ్ళు మండదూ! "మా మేడెక్కి మమ్మల్నే పొమ్మంటావటయ్యా?" అని నిలేశాను. "మిమ్మల్నెవరన్నరమ్మా! మా నీళ్ళు మాకియ్యమంటున్నం, గంతే" అన్నాడు. ఆ బొంగురు గొంతుతో ఇంకేం పోట్లాడతాను? మిరియాల పాలు కాచి ఇచ్చాను.

సమ్మెకు బొగ్గు ఆగి కరెంటు కోతలు మొదలయ్యేసరికి మొక్కలు పోయినట్టే అనుకున్నాను. మెకానిక్ కదా, పాత బ్యాటరీ తగిలించి మోటారు ఆగకుండా చూసుకున్నాడు. భలే మనిషి అని మురిసిపోయాను కూడా. ఆకులు అరచేయంత అయ్యాయి. చావు ఇంకోవైపు నుంచి వచ్చింది.

రెండు వారాలకోసారి డ్రమ్ము పూర్తిగా ఒంపేసి కొత్త నీళ్ళు పట్టాలని ఎరువు అమ్మినతను ముందే చెప్పాడు. మొక్క నీళ్ళు తాగినంత వేగంగా అందులోని ఉప్పుల్ని తీసుకోదు. మిగిలినవి డ్రమ్ములో పేరుకుంటాయి. పైగా మా బోరునీళ్ళకు బిందెలే తెల్లబడతాయి. ఇదంతా అంతయ్యకు తెలుసు. కానీ అతను బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు కడిగి, ఆ నీళ్ళతోనే గచ్చు కడుక్కునే మనిషి. డ్రమ్ము తగ్గినప్పుడల్లా బోరునీళ్ళు కలపడమే తప్ప ఒక్కసారీ ఒంపలేదు.

మావారు పట్టాభి గారు చెప్పి చూశారు. "ఒంపెయ్యవయ్యా, ఏమిటా మొండితనం?"

"నిండు డ్రమ్ము మోరిల పోస్తానికి చేతులెట్లొస్తయ్ సార్? కడివెడు నీళ్ళకు మా అమ్మ ఎంత దూరం నడిచేదో ఎర్కనా మీకు?" కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన మెట్లు దిగి వచ్చేశారు.

బతుకమ్మలు మొదలయ్యేసరికి ఆకుల అంచులు మాడాయి. ఎరువు చాలలేదేమో అనుకుని అంతయ్య ఇంకాస్త కలిపాడు. అయ్యో ఖర్మ! దాహంతో అల్లాడేవాడి నోట్లో ఉప్పు పోసినట్టయింది. వేళ్ళు నీళ్ళలో ఉండగానే మొక్కలన్నీ ఎండిపోయాయి.

దసరానాడు మధు వచ్చాడు. అన్న చేతిలో జమ్మి ఆకు పెట్టి, కాళ్ళకు మొక్కి, పైపులవైపు తిరిగాడు. కన్నాల చుట్టూ తెల్లటి పొర కట్టింది. డ్రమ్ములో వేలు ముంచి నాలుకకు రాసుకుని ఉమ్మేశాడు.

"పారబోయకపోతివా అన్నా?"

"పాణమొప్పలేదురా."

మధు అక్కడే కూలబడ్డాడు. "నువ్వు గెల్వాలనే మొక్కుకున్న. పచ్చగుంటే ఆటో అమ్మి నీ ఎంబడి ఊరికొద్దామనుకున్న. మా ఇంటామె గూడ ఒప్పుకున్నది. గిప్పుడు నాకు ధైర్యం చాల్తలేదే."

ఇంకొక్క పంట చూస్తానని అడుగుతాడని నేను గుమ్మంలో ఎదురుచూశాను. అడగవయ్యా, మాట పోతే పోయింది, అడుగు! నేనైతే కాళ్ళావేళ్ళా పడేదాన్ని. అంతయ్య ఎండిన మొక్కనొకదాన్ని కన్నంలోంచి తీసి, తిరిగి అందులోనే పెట్టాడు.

"సంతకం యాడ పెట్టాల్నో చెప్పు తమ్మీ" అన్నాడు.

అమ్ముదామన్న మధే పిట్టగోడకు తల ఆనించి భోరున ఏడ్చాడు.