ఏ రంగు, సరిగ్గ చెప్పు

ఆగస్టు మొదటి సోమవారం. పొద్దున్నే ఫోన్ వచ్చింది. దేవరకొండ హాస్టల్లో నాతో చదివిన స్నేహితురాలు, మా తెలుగు టీచర్ రాత్రి చనిపోయిందని చెప్పింది.

"ఎవరు చెప్పిండ్రు? నువ్వు చూసినవా?" అని గద్దించాను. అది ఏడ్చింది. ఆ రెండు ప్రశ్నలూ టీచర్‌వేనని ఫోన్ పెట్టేశాక తెలిసింది.

ఆమె ఏ మాటనూ ఊరికే నమ్మేది కాదు. పదో తరగతిలో, పరీక్షలకు వారం ముందు, ఆమె దగ్గరికి సెలవు చీటీ పట్టుకెళ్లాను. 'తీవ్ర అనారోగ్యం కారణంగా' అని రాశాను. కళ్లద్దాల మీది నుంచి చూసింది.

"పరీక్షలు రాంగనే మీకందరికి తీవ్రమైతది. తీవ్రమంటే ఎంత? నీకేమైతాందో రాసుకరా పో."

కోపమొచ్చింది. నేనేమన్నా దొంగనా? వరండా గోడకానుకుని రెండో చీటీ రాశాను. 'మూడు రోజులుగా అన్నం వాసనకే కడుపు తిప్పుతోంది. అద్దంలో కళ్లు పచ్చగా కనిపించాయి. కట్టంగూర్‌లో మా అవ్వ పక్కన పడుకోవాలని ఉంది.'

టీచర్ రెండుసార్లు చదివింది. లేచి వచ్చి నా కింది రెప్ప లాగి చూసింది.

"గిది ముందే రాయకపోతివి బిడ్డా. పో అవ్వ కాడికి. రోజు పొద్దుగాల ఏడింటికి ఫోన్ చేస్త."

కామెర్లని అవ్వ ఉప్పూ నూనే లేని పత్యం పెట్టింది. ఏడింటికి ఫోన్ మోగేది.

"మూత్రం ఏ రంగుల పోతాంది?"

"పచ్చగ, టీచర్."

"ఏ పచ్చ? ముద్దబంతి పువ్వా, ఆముదమా? సరిగ్గ చెప్పు."

"గామె పోలీసామెనా?" అని అవ్వ గొణిగేది. నాకూ అనుమానమే. నా అబద్ధం పట్టుకోవడానికే ఈ ఫోన్లనుకున్నాను. ఆ కసితో రోజుకో పోలిక వెతికి పెట్టుకునేదాన్ని. మాటల మీద ఇష్టం అక్కడే మొదలైంది.

ఐదో రోజు "పాలు పోయని చాయ్ లెక్క" అన్నాను.

"ఫోన్ అవ్వకియ్యి," అంది టీచర్. అవ్వతో అంది: "పత్యం చాలు అవ్వా. గిప్పుడే నల్లగొండ దవాఖానకు తీస్కపో. నేనొస్తున్న."

మేం చేరిన గంటకు చెప్పుల నిండా దుమ్ముతో వచ్చింది. ఇంకో రెండు రోజులు ఆగితే కష్టమయ్యేదన్నాడు డాక్టర్. తొందర్లోనే తగ్గుతుందనీ అన్నాడు.

"తొందర్లంటే ఎన్ని రోజులు సారూ?" అని ఆయన్నీ వదల్లేదు.

నెల తర్వాత ఓ పొద్దున "బోరు నీళ్ల లెక్కుంది టీచర్" అన్నాను.

"అయితె ఇగ రా, పరీక్షలు సప్లిమెంటరీల రాద్దువు," అంది. ఆ గొంతులో మొదటిసారి అనుమానం లేదు.

ఇప్పుడు నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. దహనం రేపట. కాలేజీకి సెలవు చీటీలో 'తీవ్ర దుఃఖం' అని రాసి కొట్టేశాను. 'మా టీచర్ చనిపోయింది. పొద్దుటి నుంచి ముద్ద గొంతు దిగడం లేదు' అని రాశాను.

రేపు పొద్దున ఆరింటికి దేవరకొండ బస్సెక్కుతాను. ఏడయ్యేసరికి దారిలో ఉంటాను. ఫోన్ సంచిలో వేయను, చేతిలోనే పట్టుకుంటాను.